పన్నెండు పాయింట్లు

ముగ్గురు కలిసి ప్రయాణం చేస్తున్నప్పుడు అందులో ఇద్దరు మొగుడూ పెళ్లాలైతే, మూడో మనిషికి ఓటు ఉండటం మర్యాద కోసమే. ఈ సంగతి గ్లెండాకి బయల్దేరిన రోజు పొద్దున్నే, వాళ్ల ఊరు వారబీ పెట్రోలు బంకులో బోధపడింది. బండి ఎవరు నడపాలన్న దాని మీద ఓటింగు పెట్టారు. రాస్ తనకి తనే చెయ్యెత్తుకున్నాడు. అతని పెళ్లాం, గ్లెండాకి పాత స్నేహితురాలు జెనెట్ రాస్‌కి ఎత్తింది. గ్లెండా చెయ్యి జేబులోంచి బయటికొచ్చేలోపే రాస్ స్టీరింగు ముందు కూర్చున్నాడు.

బడి బస్సు నడిపేదాన్ని నేనైతే నన్ను వెనక సీట్లో మూటల పక్కన పడేస్తారా అని అడిగింది గ్లెండా. అందుకేనే, సెలవుల్లో కూడా నడిపి చస్తావా, హాయిగా కాళ్లు చాపుకో అంది జెనెట్. చాపుకోవడానికి వెనక చోటేదీ? ఐస్ పెట్టె, గుడారం, పార, రాస్ కొత్తగా కొన్న చేపల గాలం ఉన్నాయి. వాటి మధ్య మిగిలిన సందు గ్లెండాది.

దక్షిణపు సముద్రం నుంచి ఉత్తరపు సముద్రం దాకా, ఎడారి మధ్యలోంచి, మూడు వేల కిలోమీటర్లు. జూలైలో చలికాలం సెలవులు రెండు వారాలు. మూడో సోమవారం పొద్దున ఆరుంబావుకి గ్లెండా తన బస్సు తాళం తీయాలి. పదకొండు మంది పిల్లలు, వాళ్లు ఎక్కే తొమ్మిది పొలం గేట్లు, అరవై రెండు కిలోమీటర్లు. ఆమె ఆ లెక్క రోజూ ఒకసారైనా మనసులో చెప్పుకుంటుంది, కొందరు దేవుడి పేరు చెప్పుకున్నట్టు.

మొదటి రెండు రోజులూ బాగానే గడిచాయి. తారు రోడ్డు అయిపోయిన చోట బండి ఆపి, నాలుగు టైర్లలోంచీ సగం గాలి వదిలింది గ్లెండా. మట్టి రోడ్డు మీద గట్టి టైరు రాయి తగిలితే చీలిపోతుంది. రాస్ పక్కన నిలబడి గాలి కొలిచే మీటరు పట్టుకున్నాడు. వంగితే వాడి నడుం ఊరుకోదు. రెండో రోజు పాత బోరుబావి దగ్గర వేణ్నీళ్ల మడుగులో ముగ్గురూ మెడలోతున కూర్చున్నారు. జెనెట్ కళ్లజోడు అందులోనే పోయింది. గ్లెండా మూడుసార్లు మునిగి వెతికి, చివరికి ఎవరిదో ఒంటి చెప్పు తెచ్చింది. ఒడ్డున పెనం మీద వేగుతున్న సాసేజీల్లో నాలుగింటిని కాకి ఎత్తుకుపోయింది. రాస్ దాని వెంట పది అడుగులు పరిగెత్తాడు. నడుం నొప్పి మనిషి అంత వేగంగా పరిగెత్తగలడని గ్లెండా అనుకోలేదు.

మూడో రోజు కూడలిలో బోర్డు కనబడింది. ఆ ప్రాంతంలో రోడ్ల పేర్లన్నీ వరసగా రాసి, ఒక్కో పేరు పక్కన పచ్చదో ఎర్రదో రేకు తగిలిస్తారు. వాళ్లు వెళ్లాల్సిన రోడ్డు పక్కన ఎర్రది ఉంది. అడ్డంగా ఒక ప్లాస్టిక్ దూలం పెట్టారు. ఉత్తరాన రెండు రాత్రులు వాన పడిందని ముందురోజు రేడియోలో విన్నారు. ఇప్పుడు మాత్రం ఆకాశం కడిగిన పళ్లెంలా ఉంది.

రాస్ బండి దిగి రోడ్డుని బూటుతో రెండుసార్లు తన్నాడు. గట్టిగానే ఉంది. "ఎండ కాసి రెండు రోజులైంది. ఆ రేకు తిప్పడానికి ఎవడో నాలుగొందల కిలోమీటర్లు రావాలి. వాడు టీ తాగుతుంటాడు."

మూసిన రోడ్డంటే మూసిన రోడ్డేనని గ్లెండా అంది. తడి మట్టిలో బండి పోతే చక్రాల గాళ్లు పడతాయి, అవి ఎండితే సిమెంటు పోసినట్టే, రోడ్డు చదును చేసే గ్రేడరు వచ్చేదాకా అక్కడి మనుషులు వాటి మీదే పోవాలి. అందుకే చక్రానికింతని జరిమానా వేస్తారు.

"మనకి నాలుగే చక్రాలు కదా," అన్నాడు రాస్.

గురువారం పగడపు దిబ్బలకి వెళ్లే పడవ మన కోసం ఆగదు అంది జెనెట్. చుట్టు తిరిగి తారు రోడ్డున పోతే రెండు రోజులు ఎక్కువ. ఓటింగు పెట్టారు. ఫలితం అందరికీ ముందే తెలుసు. రాస్ దూలాన్ని పక్కకి లాగాడు, బండి దాటింది. గ్లెండా దిగి దూలాన్ని మళ్లీ యథాస్థానంలో పెట్టి వచ్చింది. ఆ పని ఎందుకు చేసిందో ఆమెకే అర్థం కాలేదు.

నలభై కిలోమీటర్లు పోయాక రోడ్డు రంగు మారింది. మెరుస్తోంది. రాస్ వేగం తగ్గించాలి గానీ పెంచాడు. బండి ముందుకి పోవడం మానేసి పక్కకి పోవడం మొదలుపెట్టింది. జెనెట్ డాష్‌బోర్డు పట్టుకుంది. గ్లెండా ఒళ్లో ఐస్ పెట్టె పడింది. మూడొందల మీటర్ల పొడుగునా రోడ్డుని రెండుగా చీల్చుకుంటూ వెళ్లి, బండి ఇరుసుల దాకా దిగబడి ఆగింది. చుట్టూ కనుచూపు మేర ఎర్రటి గులకరాళ్లు, మీద ఆకాశం. ఇంజను ఆపగానే అంత నిశ్శబ్దం వచ్చి పడింది.

రాస్ ముందు కుడి తలుపు తీసుకుని దిగాడు. గ్లెండా వెనక ఎడమ తలుపులోంచి దిగింది. బురద చీలమండ దాకా పట్టుకుంది. అడుగు తీస్తే బూటుకి రెండు కిలోల మట్టి వచ్చేది.

తవ్వింది గ్లెండానే. రాస్‌కి నడుం. జెనెట్‌కి పోయిన ఏడాది మార్చిన తుంటి. ముందు చక్రాల కింద మట్టి తీసి పట్టు కోసం ప్లాస్టిక్ పలకలు దోపేది, రాస్ యాక్సిలరేటరు తొక్కేవాడు, పలకలు కూడా లోపలికి పోయేవి. ఆమె మళ్లీ పలకల్ని తవ్వి తీసేది. సాయంత్రానికి పార పిడి మీద అరచేతి చర్మం అంటుకుంది. రాస్ కిటికీలోంచి తల పెట్టి కొంచెం ఎడమవైపు తవ్వమన్నాడు.

బండిలో ఉన్న వైర్‌లెస్ రేడియోలో దొరికిన మనిషి పేరు నెరిడా. ముప్ఫై కిలోమీటర్ల అవతల పశువుల్ని మేపే పెద్ద ఎస్టేటు ఆవిడది. ఎక్కడున్నారో అడిగింది, నీళ్లు ఎన్ని ఉన్నాయో అడిగింది. "బండి వదిలి ఎటూ పోకండి. రోడ్డు ఆరాక ట్రాక్టరు తెస్తా. ఇప్పుడు వస్తే మీరు చేసిన పనే నేనూ చేసినట్టవుతుంది." గొంతులో కోపం లేదు. అలవాటు ఉంది.

రెండు రోజులు ఆ బండే ఇల్లయింది. బ్రెడ్డు, డబ్బా చిక్కుళ్లు, ఈగలు. రాస్ మొదటి రోజంతా ప్రభుత్వాన్ని తిట్టాడు. రెండో రోజుకి మాటలు తగ్గించి వేళ్లు మడిచి ఏదో లెక్కపెట్టుకుంటున్నాడు. గ్లెండా కాస్త ఎడంగా కూర్చుని పారకి పట్టిన మట్టిని పుల్లతో గీకుతోంది. జెనెట్ ఆమె పక్కన వచ్చి కూర్చుంది, తుంటి జాగ్రత్తగా ఆనించుకుని.

పోలీసులొస్తారు అంది జెనెట్. నెరిడా చెప్పకుండా ఉండదు, చెప్పకపోయినా రోడ్డే చెప్తుంది. లైసెన్సుకి పన్నెండు పాయింట్లు ఉంటాయి, తప్పు చేసినప్పుడల్లా కొన్ని కోసేస్తారు; రాస్ లైసెన్సు మీద రెండే మిగిలాయి. ఫోను మాట్లాడుతూ ఒకసారి, బెల్టు లేక ఒకసారి, వేగానికి రెండుసార్లు పోయాయి. ఈ రెండూ పోతే లైసెన్సు పోతుంది. ధాన్యం లారీ నడిపే మనిషికి లైసెన్సు పోతే ఇంకేముంది.

"నీకు పన్నెండుకి పన్నెండూ ఉన్నాయి కదే," అంది జెనెట్. "ముప్ఫై ఏళ్లలో ఒక్కటన్నా వాడావా?"

పక్కింటికి వెళ్లి కప్పు చక్కెర అడిగినట్టే అడిగింది. వారబీలో ఇది కొత్త కాదు. బండి నేనే నడిపానని చెప్పి తమ్ముడి పాయింట్లు అక్క తీసుకుంటుంది, మొగుడివి పెళ్లాం తీసుకుంటుంది. చర్చిలో పాస్టరు భార్య కూడా ఒకసారి తీసుకుందని అందరికీ తెలుసు, అందరూ మర్చిపోయినట్టే ఉంటారు.

బస్సు లైసెన్సు వేరే అంది గ్లెండా. ఇలాంటి కేసు పడితే రెండు రోజుల్లో డిపోకి తనే చెప్పాలి, పిల్లల బస్సు. చెప్తే ఏమవుతుంది, డిపోలో అలెక్ నిన్ను కాదంటాడా, ఆ చలిలో ఆరింటికి లేచి ఆ బస్సు తీసేవాళ్లు ఇంకెవరున్నారు అంది జెనెట్. గ్లెండా చెయ్యి తీసుకుని, బొబ్బల మీద తన పెదాల క్రీము రాసింది. నిదానంగా, ఒక్కో వేలికీ.

"చూద్దాంలే," అంది గ్లెండా.

జెనెట్ లేచి వెళ్లి రాస్ చెవిలో ఏదో చెప్పింది. రాస్ అక్కణ్ణుంచే గ్లెండాకి బొటనవేలు చూపించాడు. చూద్దాం అన్న మాటకి వాళ్లింట్లో ఒకటే అర్థమని గ్లెండాకి అప్పుడు గుర్తొచ్చింది.

ఐదో రోజు మధ్యాహ్నం నెరిడా ట్రాక్టరు వచ్చింది. నలభై ఏళ్ల మనిషి, ఎండకి ముదిరిన మెడ. బండి వంక చూడలేదు. రోడ్డు వంక చూస్తూ ఆ మూడొందల మీటర్లూ అంచు వెంట నడిచి వెళ్లి, తిరిగి వచ్చింది. గాళ్లు అప్పటికే గట్టిపడ్డాయి. వాటి పక్కన అడుగుజాడలు కూడా అచ్చుపోసినట్టు ఎండిపోయి ఉన్నాయి. గొలుసు తగిలిస్తూ చెప్పింది, ఎవరితో అని కాకుండా. మావగారికి ఎనభై ఒకటి. పదిహేను రోజులకోసారి కంట్లో సూది వేయించాలి. వచ్చే బుధవారం ఉంది. గ్రేడరు మూడు వారాలదాకా రాదు. ఈ గాళ్ల మీద ఆ ముసలాయన్ని కుదిపి తీసుకెళ్లడం ఎలాగో చూసుకోవాలి.

రాస్ గొలుసు గట్టిగా ఉందో లేదో తన్ని చూశాడు. జెనెట్ జుట్టు సర్దుకుంది. "క్షమించమ్మా," అంది గ్లెండా.

నెరిడా ఆమె వంక చూసి, "నువ్వా నడిపింది?" అంది.

గ్లెండా పార తీసి బండిలో పెట్టింది. ట్రాక్టరు ఇంజను మోత మొదలైంది.

ఆ రాత్రి ముగ్గురూ నెరిడా ఇంట్లోనే ఉన్నారు. పోలీసు మర్నాడు పొద్దున అక్కడికి వచ్చింది. ఒక్కతే, పాతికేళ్లుంటాయేమో. పేరు టేగన్. గ్లెండా బస్సెక్కిన మొదటి పిల్లలు ఇప్పుడీ వయసులోనే ఉంటారు. వరండాలో బల్ల ముందు నలుగురూ కూర్చున్నారు. నెరిడా టీ కప్పులు పెట్టి లోపలికి వెళ్లిపోయింది. లోపలి గదిలో ముసలాయన రేడియో వింటున్నాడు, గొర్రెల ధరలు.

రోడ్డు మూసి ఉందని తెలిసే వచ్చారా అని అడిగింది టేగన్. తెలుసన్నారు. బండి ఎవరు నడిపారు అని అడిగింది.

గ్లెండా రెండు రోజుల్నుంచీ ఈ ప్రశ్న కోసం రెండు జవాబులు సిద్ధం చేసుకుంది. ఒకటి కాదనేది, ఒకటి అవుననేది. ఏది పైకి వస్తుందో ఆమెకే తెలియదు. ఏదీ రానక్కర్లేకపోయింది.

"గ్లెండానండీ," అన్నాడు రాస్. కప్పులో చక్కెర కలుపుతూ అన్నాడు.

టేగన్ రాసుకోలేదు. ఫోను తీసి బల్ల మీద గ్లెండా ముందు పెట్టింది. వచ్చే దారిలో తీసిన ఫోటోలు. ఎండిన బురదలో చక్రాల చారలు ఆగిపోయిన చోటు. కుడి ముందు తలుపు ఉండాల్సిన చోట పెద్ద బూట్ల జాడలు. వెనక ఎడమ వైపున చిన్న బూట్ల జాడలు, అక్కణ్ణుంచి మొదలై బండి చుట్టూ వందలకొద్దీ. టేగన్ బల్ల కింద నుంచి గ్లెండా కాళ్ల వంక ఒకసారి చూసింది.

"మీరు కావాలంటే మనం వంటింట్లోకి వెళ్లి మాట్లాడుకుందామండీ," అంది. "తొందరేం లేదు."

జెనెట్ కాగితపు రుమాలుని నాలుగు మడతలు పెట్టింది. విప్పింది. మళ్లీ పెట్టింది. ముప్ఫై ఏళ్లుగా గ్లెండా ఆ చేతుల్ని చూస్తోంది. తనకి ఆపరేషనైనప్పుడు సూపు గిన్నె పట్టుకొచ్చిన చేతులు, ప్రతి ఆదివారం పేకముక్కలు పంచే చేతులు. ఆ ఇల్లు తప్ప వారబీలో ఆమె ఆదివారం సాయంత్రం వెళ్లగలిగిన ఇల్లు ఇంకొకటి లేదు. వంటింట్లోకి వెళ్తే ఐదు నిమిషాల పని. తర్వాత ఆదివారాలన్నీ ఉంటాయి, ఒకదాని తర్వాత ఒకటి.

"బండి నడిపేటప్పుడు నేను బూట్లు విప్పేస్తానమ్మా," అంది గ్లెండా. "నా బూట్లు వెనక సీటు కింద ఉన్నాయి. దిగేటప్పుడు తొందర్లో రాస్ బూట్లు తొడుక్కుని దిగాను. తర్వాత వెనక తలుపు దగ్గరికొచ్చి నావి వేసుకున్నాను."

అబద్ధం అంత సాఫీగా వస్తుందని ఆమె అనుకోలేదు. వాక్యాలు వాటంతటవే ఒకదాని వెనక ఒకటి వచ్చి నిలబడ్డాయి, గేటు దగ్గర పిల్లల్లా. రాస్ చెంచా తిప్పడం ఆపి ఆమె వంక మెచ్చుకోలుగా చూశాడు.

టేగన్ ఆమె మొహంలోకి కాసేపు చూసింది. తర్వాత ఫోను తీసుకుని, కాగితం మీద గ్లెండా పేరు రాసింది. అక్షరాలు గుండ్రంగా, బడిపిల్ల రాతలా ఉన్నాయి.

ఏడో రోజు దారిలో ఒక చిన్న ఊరు చేరారు. ఒక హోటలు, ఒక బంకు, ఒక విమానాల మైదానం. జెనెట్‌కి ప్రాణం లేచొచ్చింది. హోటలు వరండాలో మధ్యాహ్నం భోజనాల దగ్గర, కారవాన్లో తిరుగుతున్న ముసలి జంట ఒకటి పక్క బల్ల దగ్గర కూర్చుంది. ఆ గాళ్లు చేసింది మీరేనా అని ఆ ముసలాయన అడిగాడు. ఊరంతటికీ అప్పటికే తెలుసు.

జెనెట్ కథ మొత్తం చెప్పింది. వద్దు వద్దంటే గ్లెండా వినలేదు, మా బడి బస్సు డ్రైవరమ్మకి ఏ రోడ్డయినా ఒకటే. బండి పక్కకి జారుతుంటే ఇంకా తొక్కింది. రాస్ మధ్యలో కల్పించుకుని, తొక్కింది కాదు, గేరు మార్చింది అని సరిదిద్దాడు. న్యాయంగా చెప్పాలి కదా అన్నాడు. బూట్ల దగ్గరికొచ్చేసరికి ముసలాయన బల్ల గుద్ది నవ్వాడు. జెనెట్ నవ్వుతూ గ్లెండా భుజం మీద చెయ్యేసింది. ఆ చేతిలో ఎత్తిపొడుపు లేదు. గ్లెండా వెతికి చూసింది, లేదు. జెనెట్ ఆ కథని అప్పటికే నమ్మేసింది.

ముసలామె మాత్రం గ్లెండా వైపు వంగి, మన వయసులో తెలియని రోడ్ల మీద స్టీరింగు మగవాళ్లకిచ్చేయడమే మంచిదమ్మా అని మెల్లిగా సలహా ఇచ్చింది. గ్లెండా అలాగేనంది. లేచి హోటలు నడవాలో ఉన్న ఫోను దగ్గరికి వెళ్లింది. డిపోకి చెప్పాల్సిన గడువు ఆ సాయంత్రంతో అయిపోతుంది.

అలెక్ రెండో మోతకే ఎత్తాడు. వారబీలో చలి ఎలా ఉందో చెప్పాడు. బస్సుకి కొత్త బ్యాటరీ వేయించానన్నాడు. గ్లెండా విన్నది. తర్వాత కేసు సంగతి చెప్పింది. చెప్పి, గోడ మీద ఎవరో పెన్సిలుతో రాసిన ఫోను నంబర్లు చూస్తూ, ఊపిరి తీసుకుని, మిగిలింది కూడా చెప్పేసింది.

"నేను నడపలేదు, అలెక్. రాస్ నడిపాడు. నేను వెనక కూర్చున్నాను. పోలీసుకి నేనని చెప్పాను."

అవతల కుర్చీ కిర్రుమంది, తలుపు మూసిన చప్పుడైంది.

"గ్లెండా," అన్నాడు అలెక్ చివరికి, "మూసిన రోడ్డు మీద బండి తోలిన మనిషిని రూలు ప్రకారం ఏడాది ఆపి, తర్వాత నేను మళ్లీ తీసుకోగలను. కాళ్లావేళ్లా పడైనా పైవాళ్లని ఒప్పిస్తాను. పోలీసుకి అబద్ధం చెప్పిన మనిషిని పిల్లల బస్సెక్కించలేను. ఏడాదికి కాదు, ఎప్పటికీ." గొంతు తగ్గించాడు. "ఇందాక లైను సరిగ్గా లేదు. నువ్వేమన్నావో నాకు వినబడలేదు. నా ముందు కాగితముంది. ఏం రాసుకోమంటావు?"

వరండాలోంచి నవ్వు మళ్లీ వినిపించింది. ఆ ముసలాయన ఎవరికో కొత్తగా వచ్చినవాళ్లకి బూట్ల సంగతి చెప్తున్నాడు.

"నేనే నడిపాను," అంది గ్లెండా.

మంచిదమ్మా అన్నాడు అలెక్. నిజంగానే ఊరట పడ్డాడు. ఏడాది ఎంతలోకి గడుస్తుంది అన్నాడు. తర్వాత మంచివాడు గనక ఇంకొకటి కూడా దాచలేకపోయాడు. డిసెంబరుకి ముగ్గురు పిల్లలు పై బడికి పోతారు, ఎనిమిది మంది మిగులుతారు, పది మంది లేకపోతే ఆ రూటు ఉంచరు. చూద్దాం అన్నాడు.

గ్లెండా ఫోను పెట్టేసి, ఆ పెన్సిలు నంబర్ల ముందు కాసేపు నిలబడింది. ఎవరి నంబర్లో.

బయట బండి సిద్ధంగా ఉంది. రాస్ దాన్ని కడిగించాడు. పడవ తప్పిపోయినా శనివారం ఇంకొకటి ఉందట, ఫోను చేసి కనుక్కున్నారు. ఇక్కణ్ణుంచి సముద్రం దాకా తారు రోడ్డే. అలెక్ ఏమన్నాడని జెనెట్ అడిగింది. ఏడాది అన్నాడని చెప్పింది గ్లెండా. ఏడాదే కదా అంది జెనెట్. ఆ మాట అన్నాక ఆమె మొహం ఒక్క క్షణం ఎలాగో అయిపోయింది. రాస్‌తో కళ్లతో ఏదో అంది. రాస్ జేబులోంచి తాళం చెవి తీసి గ్లెండా చేతిలో పెట్టాడు.

"ఇవాళ్టినుంచీ నువ్వే నడుపు, తల్లీ," అన్నాడు. "మాకిద్దరికీ అదే సబబనిపించింది."

గ్లెండా సీటు ముందుకి లాక్కుని, స్టీరింగు ముందు కూర్చుంది. వాళ్లిద్దరూ మర్యాదగా వెనక సీట్లోకి వెళ్లారు, మూటల పక్కన ఇరుక్కుని. రాస్ చిప్స్ పొట్లం చించాడు. గ్లెండా బెల్టులు పెట్టుకోమంది. సరే టీచరమ్మా అని జెనెట్ నవ్వింది. రెండు బెల్టులూ పడిన చప్పుడయ్యేదాకా గ్లెండా ఇంజను వేయలేదు.

తర్వాత అద్దంలోకి చూసి, అలవాటు కొద్దీ లెక్కపెట్టింది. ఇద్దరు. ఇంకొకసారి లెక్కపెట్టి, గేరు వేసింది.